మొదటి రైఫిలు: ఎన్నికయు, గురి సరిచూచుటయు

గత మాసమున కాప్రాలో మన సంఘ సమావేశము ముగిసిన పిమ్మట, కీసర వైపున రెండెకరముల వేరుసెనగయు ఒక యెకరము మొక్కజొన్నయు వేసిన యువ సభ్యుడొకడు నన్ను ప్రక్కకు పిలిచి యిట్లడిగెను: "అయ్యా, అడవిపందులు రాత్రికి రాత్రి చేనంతయు తవ్విపోవుచున్నవి. సెమీ ఆటోమేటిక్ రైఫిలు ఒకటి కొనవలెనని యున్నది. పంటపై తెచ్చిన అప్పులో కొంత చేతిలో మిగిలినది. తక్కువ వెలలో ఏది కొనుమందురు?"

ఆతని ప్రక్కనే సైనికపురి నివాసియగు విశ్రాంత హవల్దారు గారొకరు నిలిచియుండిరి. వారు చిరునవ్వు నవ్వి, "బాబూ, కొన్న తరువాత దాని గురి ఎవరు సరిచూతురు?" అని మాత్రము ప్రశ్నించిరి. యువకుడు జవాబు చెప్పలేదు. గురి అంగడిలోనే సరిచేసి యిత్తురని ఆతని తలంపు. మనలో పెక్కుమంది తలంపును అదియే. ఇట్టి ప్రశ్న మరి కొందరికిని గలదని విని, ఈ పాఠము వ్రాయుచున్నాను.

సెమీ ఆటోమేటిక్ అనగా నేమి?

బోల్టు రైఫిలునందు ఒక గుండు పేల్చిన పిదప, చేతితో బోల్టును వెనుకకు లాగి, ఖాళీ తొడుగును బయటకు తీసి, మరల ముందుకు త్రోసి, రెండవ తూటాను గొట్టములోనికి ఎక్కింపవలెను. సెమీ ఆటోమేటిక్ రైఫిలునందు ఈ పని తుపాకియే చేసికొనును. మందు మండగా పుట్టిన వాయువులో కొంత, గొట్టమునకు గల చిన్న రంధ్రముగుండ వెడలి ఒక ముషలకమును వెనుకకు నెట్టును. దానితో బోల్టు తెరచుకొని ఖాళీ తొడుగును విసరివేయును. స్ప్రింగు మరల బోల్టును ముందుకు త్రోసి క్రొత్త తూటాను ఎక్కించును. అయినను మీటను నొక్కిన ప్రతిసారి ఒక్క గుండే వెడలును. నొక్కిపట్టినంతసేపు గుండ్లు కురియునది పూర్తి ఆటోమేటిక్; అది వేరు.

మన సైన్యమున ఎస్.ఎల్.ఆర్. అని పేరొందిన 7.62 మి.మీ. రైఫిలు ఈ జాతిలోనిది. బెల్జియము దేశపు నమూనా ననుసరించి వంగదేశమందలి ఈశాపూరు కర్మాగారమున అది తయారయ్యెను. దాని మాగజైనున 20 తూటాలు పట్టును. హవల్దారు గారు తమ ఉద్యోగకాలమున దానినే మోసిరి. వాయువు దారిలో మసి పేరుకొన్నచో అది మధ్యలో నిలిచిపోవుననియు, వాయువు పాలు హెచ్చుతగ్గులు చేయుటకు దానికొక సర్దుబాటు మర గలదనియు, శుభ్రము చేయుటకు సోమరిపడు వానికి అది పనికిరాదనియు వారు చెప్పుదురు. కావున ఇట్టి తుపాకి వేగమునిచ్చునేగాని, గురి నియ్యదు. వేగమునకు తగినట్లు తూటాల ఖర్చును, శుభ్రపరచు శ్రమయు పెరుగును.

చట్టము మూసిన తలుపు, తెరచిన తలుపులు

వెల విచారించుటకు ముందే చట్టము విచారింపవలెను. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము పూర్తి ఆటోమేటిక్ తుపాకి నిషిద్ధాయుధము. 2016 నాటి ఆయుధ నిబంధనల పట్టికలో సెమీ ఆటోమేటిక్ తుపాకులు, పిస్తోళ్లు మినహా, మొదటి తరగతిలో నుంచబడినవి. సైన్యపు .303, 7.62 మి.మీ. తూటాలు పట్టు రైఫిళ్లు బోల్టుతో నడచునవి యైనను ఆ తరగతికే చెందును. పందులు చేను త్రొక్కినవను కారణముపై సేద్యగానికి ఇవి లభించునవి కావు. దళారి యెవడైన "నేను తెప్పించెదను" అనినచో, ఆతడు అమ్మునది రైఫిలు కాదు, చెరసాల దారియని యెరుగుడు. ఊరి కమ్మరి చేసిన నాటు తుపాకియు అట్టిదే.

ఇక తెరచియున్న తలుపులు మూడు.

మొదటిది: పంట రక్షణకై నునుపు గొట్టపు తుపాకి. చట్టములోని 13వ ప్రకరణమునందు, నిజముగ పంట కాపాడుకొను నిమిత్తము మూతినుండి మందు కూరు తుపాకికి, అనగా మనవారు భర్మారు అనుదానికి, లైసెన్సు నొసగు మార్గము కలదు. భర్మారు చాలదని అధికారికి తోచినచో వేరు నునుపు గొట్టపు తుపాకికిని అనుమతి నీయవచ్చును.

రెండవది: గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసమునకై కోరు .22 బోరు రైఫిలు.

మూడవది: తగిన కారణము చూపి కోరదగిన బోల్టు రైఫిళ్లు. మన దేశమున వీనిలో .315 బోరు రైఫిలు చిరపరిచితము. సైన్యపు తూటా పౌరుల తుపాకిలో పట్టరాదను ఉద్దేశముచే ఈ వేరు బోరు వాడుకలోనికి వచ్చినది.

దరఖాస్తుదారునికి 21 సంవత్సరములు నిండియుండవలెను. ఆయుధ భద్రతా శిక్షణ పొందిన పత్రమును సమర్పింపవలెను. 2019 సవరణ ననుసరించి ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించి యుండరాదు; లైసెన్సు ఐదు సంవత్సరములకొకసారి మార్చుకొనవలెను.

ఇంకొక మాట ముఖ్యము. తుపాకి లైసెన్సు వేరు, జంతువును కాల్చు అనుమతి వేరు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము 11వ ప్రకరణము ప్రకారము, నిలిచిన పంటకు హాని చేయు అడవిపందిని చంపుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని ఆయనచే అధికారము పొందినవారు గాని వ్రాతమూలమున ఉత్తరువీయవలెను. 2022 సవరణలో అడవిపంది రెండవ షెడ్యూలున చేర్చబడినది. నెమలి మొదటి షెడ్యూలులోనిది. అది గింజలెంత తిన్నను దానిపై తుపాకి ఎత్తరాదు.

నాకు గుణపాఠమైన ఒక రాత్రి

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట, నేనింకను ఉద్యోగమునకు క్రొత్తవాడనై యుండగా, ఒక గ్రామమున పందుల బాధ మిక్కుటమయ్యెను. అచటి రైతు ఒకరికి .315 రైఫిలు కలదు, లైసెన్సు కలదు, అటవీ అధికారుల ఉత్తరువును కలదు. రైఫిలు వారము దినముల క్రిందటనే అంగడినుండి వచ్చినది. దానిని కాగితముపై ఒక్కమారైనను పేల్చి చూడలేదు. చూడవలెనని నాకును తోచలేదు. నేను దీపము పట్టుకొని వెంట పోతిని.

సుమారు 50 మీటర్ల దూరమున పెద్ద పంది ఒకటి ఎడమకు ముఖము పెట్టి నిలిచియుండెను. రైతు జబ్బ వెనుకకు గురిచూచి పేల్చెను. పంది పడలేదు, ఒక్క అరుపు అరచి జొన్నచేనిలో దూరెను. చీకటిలో వెదకుటకు ధైర్యము చాలక మేము తిరిగి వచ్చితిమి. ప్రక్క రైతులకు కబురు పంపవలెనని కూడ మాకు తోచలేదు. తెల్లవారుజామున నీరు మళ్లించుటకు వచ్చిన కూలి యొకడు గట్టుమీద నడచుచుండగా, గాయపడిన యా పంది పైబడి ఆతని తొడ చీల్చినది. ప్రాణము దక్కెను. కాలు మాత్రము మునుపటివలె కాలేదు. ఆ యింట నలుగురు ఆతని రెక్కల కష్టముపై బ్రతుకువారు.

పిమ్మట ఆ రైఫిలును గురిమైదానమునకు కొనిపోయి, ఇసుక సంచులపై నుంచి, కాగితముపై మూడు గుండ్లు పేల్చి చూచిరి. మూడును ఒక అరచేత కప్పదగినంత దగ్గరగ పడినవి. కాని గురిపెట్టిన చోటికి ఒక జానెడు కుడిగా పడినవి. అనగా రైఫిలు మంచిదే. తూటాయు మంచిదే. గురి మాత్రము తప్పినది. జబ్బకు పెట్టిన గుండు కడుపులో తగిలినది. నాటి చేతిలో సెమీ ఆటోమేటిక్ రైఫిలు ఉండినచో, రెండవ గుండును మూడవ గుండును వెనువెంటనే జానెడు కుడికే పోయెడివి. గురి తప్పిన తుపాకికి వేగము తోడైనచో తప్పు పెరుగునే గాని తగ్గదు.

చిన్న సంచితో ఎన్నిక

చేతిలో ధనము స్వల్పమైనపుడు దానినంతయు తుపాకిపైననే పెట్టరాదు. నా మతమున పది రూపాయలలో ఆరు మాత్రమే తుపాకికి; మిగిలిన నాలుగు అభ్యాసపు తూటాలకు, శిక్షణకు, క్లబ్బు రుసుమునకు, శుభ్రపరచు కడ్డీకిని నూనెకును, తాళము వేయదగిన ఇనుప పెట్టెకు. పది రూపాయలును తుపాకికే పెట్టినవాడు గురి నేర్వడు.

క్రొత్తవానికి ఉత్తమమైన తొలి గురువు ఎయిర్ రైఫిలు. 2016 నిబంధనల ప్రకారము 4.5 మి.మీ. బోరు మించక, మూతివద్ద శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిలునకు లైసెన్సు అక్కరలేదు. అంగడిలో గుర్తింపు పత్రము చూపి కొనవచ్చును. ఇది ఆటవస్తువు గాదు, వేట సాధనమును గాదు. కాగితముపై గురి నేర్చుటకే. దీని గుండ్లకగు ఖర్చు స్వల్పము. మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకము నార్జించినది పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందే. ఆ పోటీలో పది గుణముల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. ఆ గుండు వెంట వెంట వచ్చునది కాదు. ఒక్కొక్కటిగ ఎక్కించి పేల్చునది.

రెండవ మెట్టు క్లబ్బులోని .22 రైఫిలు. ఇదియు గురి నేర్చుటకే. దీనితో పందిని కాల్చుట క్రూరము, అపాయకరము. అది చావదు, గాయపడి తిరుగును. మూడవ మెట్టు, అవసరము నిజమై లైసెన్సు లభించినచో, పంట రక్షణకు నునుపు గొట్టపు తుపాకి గాని, .315 బోల్టు రైఫిలు గాని.

లైసెన్సు గల అమ్మకందారు వద్ద పాత రైఫిలు కొనునపుడు ఈ క్రింది అంశములను వరుసగ పరీక్షింపుడు. ముందుగ తుపాకి ఖాళీగ నున్నదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొనుడు.

1. బోల్టు తీసి, మూతివైపున తెల్ల కాగితము పట్టి, వెనుకనుండి గొట్టములోనికి చూడుడు. లోపలి మెలికల గాడులు అంచు చెడక మెరయవలెను. మశూచి మచ్చలవంటి గుంటలున్నచో వదలుడు. ఎచటనైన నల్లని వలయము కనిపించినచో గొట్టము లోన ఉబ్బినదని అర్థము. ఉచితముగ నిచ్చినను పుచ్చుకొనకుడు.

2. మూతి అంచును గోటితో తడవుడు. అచట నొక్కు పడినచో గుండు వెడలునపుడు ఒక ప్రక్కకు త్రోయబడును. నేలపై మూతి ఆనించి నిలుపు అలవాటు వలన ఈ చేటు కలుగును.

3. బోల్టు బిగువుగ మూయబడవలెను. ఖాళీ తుపాకిని మోహరించి, మడమను నేలపై మెల్లగ తట్టినపుడు మీట జారిపోరాదు. జారినచో అది ప్రాణాంతకము.

4. మడమను మోచేతి మడతలో నుంచినపుడు చూపుడువ్రేలి మొదటి కణుపు మీటకు సుఖముగ అందవలెను. పొడవు సరిపడని రైఫిలుతో గురి నిలువదు.

5. ముందు మొనయు వెనుక గంటును కదలక బిగిసియుండవలెను. వెనుక గంటు ప్రక్కలకును పైకిని సర్దదగినదైనచో మేలు.

6. తుపాకిపై చెక్కిన సంఖ్యయు కాగితములలోని సంఖ్యయు ఒకటేనా యని సరిచూడుడు.

దుర్భిణి గలది కొనుమని కొందరు చెప్పుదురు. తొలి సంవత్సరము ఇనుప గురితోనే నేర్చుట మంచిది. చవక దుర్భిణి ప్రతి దెబ్బకు కదలి, మీ తప్పేదో దాని తప్పేదో తెలియనీయదు.

గురి సరిచూచుట

గురి సరిచూచుట అనగా కంటిచూపు పోవు గీతను, గుండు పోవు దారిని, ఒక నిర్ణీత దూరమున కలుపుట. ఈ పనిని చేనివద్ద చేయరాదు. అనుమతి పొందిన గురిమైదానమున, వెనుక మట్టి దిబ్బ గల చోటనే, అచటి అధికారి యెదుటనే చేయవలెను.

మొదట సిద్ధపాటు. మరలన్నియు బిగింపుడు. గొట్టములోని నూనెను పొడిగుడ్డతో తుడువుడు. ఒకే జాతి, ఒకే పెట్టెలోని తూటాలు తీసికొనుడు. తూటా మార్చినచో గురియు మారును. కాగితముపై నల్లని చుక్క నొకదానిని, దానిగుండ అడ్డముగను నిలువుగను గీతలను గీయుడు.

తరువాత ఆనిక. బల్లపై ఇసుక సంచులు పేర్చి, రైఫిలు కర్రభాగమును వానిపై నుంచుడు. గొట్టము సంచికి గాని బల్లకు గాని తగులరాదు. మడమ క్రింద చిన్న సంచి నుంచుడు. స్ప్రింగుతో నడచు ఎయిర్ రైఫిలునకు మాత్రము ఈ విధి వేరు: దానిని గట్టి వస్తువుపై ఆనింపక, అరచేతిపై తేలికగ నిలిపి, గట్టిగ పట్టక పేల్చవలెను. దాని స్ప్రింగు కుదుపు గుండు వెడలకముందే మొదలగును; ఆ కుదుపు ప్రతిసారి ఒకే తీరున నుండవలెను.

పేల్చు క్రమము. ముందు మొనను వెనుక గంటు నడుమ, ఇరుప్రక్కల సమానముగ వెలుతురు కనిపించునట్లు, పై అంచులు సమముగ నుండునట్లు నిలుపుడు. కంటిచూపు ముందు మొనపై నుండవలెను. చుక్క కొంచెము మసకగ కనిపించినను హాని లేదు. శ్వాస సగము విడిచి నిలిపి, మీటను ఎప్పుడు పేలునో తెలియనంత మెల్లగ నొక్కుడు. లాగినచో గుండు ప్రక్కకు పోవును.

మొదట 25 మీటర్ల వద్ద మూడు గుండ్లు పేల్చుడు. ఒక్క గుండును చూచి గురి మార్చరాదు. ఒక గుండు చేతి తప్పు కావచ్చును. మూడును ఒకచోట పడినచో అది రైఫిలు చెప్పు మాట. మూడును చెదరి పడినచో గంటును ముట్టకుడు. మరలు వదులైనవా, తూటాలు కలిసినవా, భుజము బెదరుచున్నదా యని విచారింపుడు. గుంపు కుదిరిన తరువాతనే సవరణ.

సవరణ సూత్రము సులభము: వెనుక గంటును, గుండు ఏ దిక్కునకు పోవలెనని కోరుదురో ఆ దిక్కునకే జరుపవలెను. ముందు మొనను అందుకు ప్రతికూల దిక్కునకు జరుపవలెను. గుంపు కుడికి పడినచో వెనుక గంటును ఎడమకు. క్రిందకు పడినచో వెనుక గంటును పైకి. ఎంత జరుపవలెనో లెక్క కట్టవచ్చును. తప్పు ఎన్ని సెంటీమీటర్లో దానిని రెండు గురుల నడుమ గల దూరముతో హెచ్చించి, కాగితపు దూరముతో భాగింపుడు.

పైన చెప్పిన రాత్రి రైఫిలునే ఉదాహరణముగ గైకొందము. తప్పు జానెడు, అనగా సుమారు 22 సెంటీమీటర్లు. రెండు గురుల నడుమ దూరము 50 సెంటీమీటర్లనుకొనుడు. కాగితము 50 మీటర్లు, అనగా 5,000 సెంటీమీటర్లు. 22ను 50తో హెచ్చించి 5,000తో భాగించినచో 0.22 సెంటీమీటరు, అనగా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక వడ్లగింజ మందమంత లోహము ప్రక్కకు జరిగియుండుట చేత ఒక కూలివాని కాలు చెడినది. ఈ లెక్కను నేను ఎన్నడును మరువలేదు; మీరును మరువకుడు.

గంటు సులభముగ జరుగనిదైనచో సుత్తితో మీరు కొట్టకుడు. లైసెన్సు గల తుపాకి మరమ్మతుదారునికి గుంపు పడిన కాగితమును చూపి చేయింపుడు. ముందు మొనను ఆకురాయితో అరగదీసినచో గుండు పైకి పోవును. కాని అరిగినది మరల పెరుగదు. సవరించిన ప్రతిసారి మరల మూడు గుండ్లు పేల్చి చూడుడు. కడపట, గొట్టము పూర్తిగ చల్లారిన పిదప ఒక్క గుండు పేల్చి, అది ఎచట పడినదో గుర్తుంచుకొనుడు. చేనివద్ద పేలునది ఎల్లప్పుడును చల్లని గొట్టపు మొదటి గుండే.

గుండు పోవు దారి

25 మీటర్ల వద్ద గురి కుదిరిన మాత్రమున అన్ని దూరములకు కుదిరినట్లు కాదు. గుండు గొట్టము వీడిన క్షణమునుండియే నేలకు దిగుచుండును. కన్ను గొట్టమునకు పైన నుండును. కావున గొట్టమును కొంచెము పైకెత్తి, రాయి విసరినట్లు గుండును పంపుదుము. అది చూపు గీతను దగ్గర ఒకమారు, దూరమున ఒకమారు దాటును.

సెకనునకు సుమారు 320 మీటర్ల వేగముతో వెడలు .22 గుండును చూడుడు. 50 మీటర్లు పోవుటకు దానికి సెకనులో ఆరవ వంతు కాలము పట్టును. ఆలోపల అది 12 లేక 13 సెంటీమీటర్లు దిగును. గురిని 50 మీటర్లకు కుదిర్చినచో, 25 మీటర్ల వద్ద గుండు సుమారు 2 సెంటీమీటర్లు పైన పడును. 75 మీటర్ల వద్ద సుమారు 10 సెంటీమీటర్లు, 100 మీటర్ల వద్ద సుమారు 30 సెంటీమీటర్లు క్రింద పడును. పెద్ద బోరు రైఫిళ్లకు అంకెలు వేరు, ధర్మము ఒకటే. కావున 25 మీటర్ల వద్ద ఆరంభించి, తాము నిజముగ పేల్చు దూరమున మరల సరిచూచి, ఆ ఫలితమును చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను: తేది, తూటా జాతి, దూరము, గుంపు ఎచట పడినది, గంటు ఎంత జరిపితిమి. మనము ఎరువుల లెక్క వ్రాసినట్లే ఇదియు. అభ్యాసమునకు కొను తూటాలు లైసెన్సులో వ్రాసిన పరిమితికి లోబడి యుండవలెను; కనుక ఒక్క తూటాయు ఊరక పోనీయకుడు.

నునుపు గొట్టపు తుపాకికి గురి సరిచూచుట మరియొక తీరు. పెద్ద కాగితమును 40 గజముల దూరమున నిలిపి పేల్చి, దట్టముగ పడిన చోట 30 అంగుళముల వలయము గీసి, చిన్న గుండ్లలో ఎన్ని లోపల పడినవో లెక్కింపవలెను. మూతి బాగుగ ఇరుకైన గొట్టమున నూటికి 70, ఇరుకు లేనిదానియందు నూటికి 40 వలయమున పడుట వాడుక. దీనివలన తుపాకి ఎంతదూరమువరకు నమ్మదగినదో తెలియును.

మన చుట్టు ఉన్న నేల

కాప్రా చెరువు చుట్టు ఒకప్పుడు పొలములుండెను. నేడు కాలనీలు కలవు. 2007లో కాప్రా మహానగర పాలక సంస్థలో కలిసినది. ఇచట రైఫిలు పేల్చుటకు చోటు లేదు. మన సభ్యుల పొలములున్న కీసర, శామీరుపేట వైపులను నేడు గట్టు గట్టునకు ఇండ్లు లేచుచున్నవి. చిన్నదని తలంచు .22 గుండు కూడ ఎత్తి పేల్చినచో ఒక మైలునకు మించి పోగలదు; పెద్ద రైఫిలు గుండు అంతకు మిక్కిలి దూరము పోవును. కావున గురి వెనుక ఏమున్నదో తెలియక మీట ముట్టరాదు. చేనివద్ద పేల్చునపుడు మంచెమీదనుండి నేలకు వాలుగ, గుండు మట్టిలో దిగునట్లు మాత్రమే పేల్చవలెను. పేల్చిన తరువాత జంతువు పడనిచో, అది చచ్చినదని నమ్మక, చుట్టుప్రక్కల రైతులకును కూలీలకును ఆ రాత్రియే కబురు పంపి, అటవీ సిబ్బందికి తెలుపవలెను. నాటి రాత్రి మేము చేయని పని యిదియే.

తుపాకి నెల్లప్పుడు నిండియున్నట్లే భావింపవలెను. మూతిని మనుష్యుని వైపు త్రిప్పరాదు. గురి నిలుచువరకు వ్రేలిని మీటపై నుంచరాదు. ఇంట తుపాకి ఒక తాళములో, తూటాలు వేరొక తాళములో నుండవలెను. పిల్లలకు చోటు తెలియరాదు.

తుపాకి వచ్చులోపల పంట నిలువవలెను గదా! యాసంగి వేరుసెనగ చుట్టు ముండ్లుగల కుసుమను నాలుగు వరుసలు దట్టముగ వేయుడు. మొక్కజొన్న చుట్టు ఆముదము వేయుడు. తక్కువ శక్తితో కొట్టి విడిచిపెట్టు సౌరకంచె మంచిది. ఇంటి కరెంటును నేరుగ తీగలోనికి విడుచుట నేరము. ఆ తీగ పందిని పట్టినంత సులభముగ ప్రక్కింటి పిల్లవానిని పట్టును.

యువ సభ్యునకు నేనిచ్చిన సమాధానము

నేనాతనితో ఇట్లంటిని: "నాయనా, నీవు కోరిన రైఫిలు చట్టము నీయదు, ఇచ్చినను నీ చేనికి అది అక్కరలేదు. అప్పులో మిగిలిన సొమ్మును తిరిగి సంఘమునకు కట్టుము. కుసుమ విత్తులు తెచ్చి గట్టున వేయుము. గురి నేర్వవలెనను కోరిక నిజమైనచో ఒక ఎయిర్ రైఫిలు కొని, హవల్దారు గారి వద్ద ఆరు మాసములు కాగితముపై నేర్చుకొనుము. పిమ్మట లైసెన్సు మాట." ఆతడు కొంత చిన్నబోయినను, హవల్దారు గారు "ఆదివారము ప్రొద్దుటే రమ్ము, బాబూ" అనగా, వచ్చెదనని ఒప్పుకొనెను.

మూడు వారములైనది. నిన్నటి ఆదివారము ఆతడు ఒక కాగితము తెచ్చి నాకు చూపెను. పది మీటర్ల దూరమున పేల్చిన ఐదు గుండ్లును ఒక రూపాయి బిళ్ల క్రింద దాగునట్లున్నవి. కాని చుక్కకు రెండు అంగుళములు ఎడమకు. "గంటును ఎటు జరుపవలెను?" అని అడిగితిని. "కుడికి, అయ్యా. ఎంతయో లెక్క కట్టి తెచ్చితిని" అని జేబునుండి చిన్న పుస్తకము తీసెను.

పాఠ సారము

1. సెమీ ఆటోమేటిక్ రైఫిలు సేద్యగానికి చట్టమున లభింపదు. నాటు తుపాకి నేరము.
2. తుపాకి లైసెన్సునకు తోడు, జంతువును కాల్చుటకు వేరు ఉత్తరువు కావలెను.
3. ధనమంతయు తుపాకిపై పెట్టక, అభ్యాసమునకు పాలు మిగుల్చుడు.
4. గొట్టము, మూతి, మీట, పొడవు, గురులు, సంఖ్య: ఈ ఆరును చూచి కొనుడు.
5. మూడు గుండ్ల గుంపు కుదిరిన పిదపనే సవరణ. వెనుక గంటు గుండు పోవలసిన దిక్కునకు.
6. పేల్చు దూరమున మరల సరిచూచి పుస్తకమున వ్రాయుడు.
7. గురి కుదరని తుపాకిని చేనికి తీసికొని పోకుడు.